నాబోతు తోట – హీలో వకీలు



నాబోతు ద్రాక్షతోట సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు (1 రాజులు 21వ అధ్యాయం). అయితే ఆ అధ్యాయంలో మనం చదివీ దాటిపోయే సంగతి ఒకటుంది. అహాబు కత్తి పట్టుకుని ఆ తోటలోకి దిగలేదు. యెజెబెలు తాకీదులు వ్రాసింది, రాజముద్ర వేసింది, ఊరి పెద్దలను కూర్చోబెట్టింది, ఇద్దరు సాక్షులను నిలబెట్టింది. కాగితాల మీద చూస్తే అంతా చట్టప్రకారమే జరిగినట్టుంటుంది. తోట మాత్రం చేతులు మారింది, నాబోతు ప్రాణం పోయింది.

ఈ నెల మీకు పరిచయం చేయదలచిన మనిషి ఆ కాగితాలను చదవగలిగినవాడు. వకీలు. ఇరవై సంవత్సరాలు శాసనసభకు వెళ్లినవాడు. పేరు జోసఫ్ కహోఒలుహి నావహీ. ఊరు హవాయి దీవులలోని హీలో.

హవాయి ఎక్కడుందో పిల్లలను పటం తీసి చూడమనండి. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన, అమెరికా పడమటి తీరానికి సుమారు 3,800 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1959 నుండి అది అమెరికాలో ఒక రాష్ట్రం. కాని పందొమ్మిదవ శతాబ్దంలో అది స్వతంత్ర రాజ్యం. దానికి రాజు ఉన్నాడు, వ్రాసిపెట్టుకున్న రాజ్యాంగం ఉంది, శాసనసభ ఉంది, ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికాలతో ఒడంబడికలు ఉన్నాయి. 1820లో అమెరికా నుండి మొదటి మిషనరీలు ఓడ దిగారు. ఆ ప్రజల భాషకు లిపి కూర్చారు, బడులు పెట్టారు, 1839 నాటికి బైబిలు అంతటినీ హవాయి భాషలో అచ్చు వేయించారు. హీలో పట్టణంలో టైటస్ కోన్ అనే దైవజనుని కాలంలో గొప్ప ఉజ్జీవం వచ్చింది. 1838 జూలై 1వ తేదీ ఆదివారం ఒక్కనాడే 1,700 మందికి పైగా బాప్తిస్మం పొందారు.

ఆ ఉజ్జీవం వచ్చిన నాలుగేళ్లకు, 1842 జనవరి 13న, హీలోకు దక్షిణాన పునా ప్రాంతంలో కైమూ అనే పల్లెలో నావహీ పుట్టాడు. నల్లని ఇసుక తీరానికి పేరుపడిన ఊరు అది. (ఆ తీరం ఇప్పుడు లేదు. 1990లో కిలవేయా అగ్నిపర్వతం నుండి పారి వచ్చిన లావా దానిని పూర్తిగా కప్పివేసింది.) పుట్టిన బిడ్డను బంధువులకు గాని స్నేహితులకు గాని పెంపకానికి ఇవ్వటం హవాయి వారి ఆచారం. ఆ విధంగానే ఈ బిడ్డను జోసఫ్ పాకౌలా అనే ఆయన పెంచాడు.

చదువు హీలో బోర్డింగు స్కూలులో సాగింది. డేవిడ్ లైమన్ అనే మిషనరీ 1836లో పెట్టిన బడి అది. కొంతసేపు పుస్తకం, కొంతసేపు పొలం పని, చేతిపని. తమ తిండి తామే పండించుకోవాలి. మిషను బోర్డింగులో చదివిన మన పెద్దలకు ఈ పద్ధతి విడమరచి చెప్పనక్కరలేదు! తరువాత మావీ దీవిలోని లహైనాలునా పాఠశాలకు వెళ్లాడు. 1831లో మొదలైన ఆ బడి ఇప్పటికీ నడుస్తున్నది. హవాయిలో మొట్టమొదటి వార్తాపత్రిక 1834లో అచ్చయింది అక్కడే. చదువు ముగించుకుని వచ్చి, తాను చదివిన హీలో బోర్డింగులోనే ఉపాధ్యాయుడయ్యాడు.

అంతటితో ఆగితే మంచి మేస్టారుగా జీవితం గడిచిపోయేది. కాని ఆయన చట్టపు పుస్తకాలు ముందు పెట్టుకుని సొంతంగా చదువుకున్నాడు. ఏ లా కాలేజీకీ వెళ్లలేదు. అది ఎలా సాధ్యమైందంటే, ఆ రాజ్యంలో చట్టాలు ఇంగ్లీషుతో పాటు హవాయి భాషలో కూడా అచ్చయ్యేవి. కోర్టులో ఆ భాషలోనే వాదించవచ్చు. పల్లెలో పుట్టినవాడు తన తల్లి మాట్లాడిన మాటలలోనే చట్టం చదివి వకీలు కాగలిగిన రోజులవి. మన దగ్గర కోర్టు కాగితం చేతికివ్వగానే చదివి చెప్పేవారి కోసం ఊరంతా తిరిగే రైతును తలచుకుంటే, ఇది చిన్న సంగతి కాదనిపిస్తుంది. చిత్రలేఖనం కూడా ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే అభ్యసించాడు. సముద్రం మీద నుండి చూస్తే హీలో పట్టణం ఎలా కనిపిస్తుందో 1880లలో ఆయన రంగులలో చిత్రించిన పటం హోనలూలూలోని కమేహమేహా విద్యాసంస్థల వద్ద భద్రంగా ఉంది.

వకీలుకు అక్కడ పని దేని గురించి? భూమి గురించే. అంతకుముందు హవాయిలో భూమికి పట్టాలు లేవు. రాజు, నాయకులు, సాగుచేసే జనం అందరికీ అందులో పాలు ఉండేది. 1848లో భూమిని పంచి పట్టాలిచ్చే ఏర్పాటు చేశారు. 1850లో విదేశీయులు కూడా భూమి కొనవచ్చునని చట్టం వచ్చింది. సాగుదారుడు తన మడికి హక్కు కావాలంటే గడువులోగా దరఖాస్తు పెట్టాలి, సాక్షులను తేవాలి, సర్వే ఖర్చు కట్టాలి. ఎంతమందికి అది చేతనవుతుంది? చివరికి సామాన్య జనానికి దక్కిన భూమి ఆ దీవుల మొత్తంలో ఒక శాతం కంటే తక్కువ. మిగిలిన దానిలో చెరకు తోటలు లేచాయి. అవి చాలా మట్టుకు తెల్లవారివి. చేమదుంప మళ్లకు పారే నీళ్లను కాలువలు త్రవ్వి చెరకుకు మళ్లించారు. హవాయి వారికి చేమదుంపే అన్నం. దానిని ఉడికించి దంచి తింటారు. మళ్లు ఎండితే పల్లె ఖాళీ అవుతుంది.

1872లో నావహీ మొదటిసారి శాసనసభకు ఎన్నికయ్యాడు. నాలుగేళ్లకు సభ ముందుకు పెద్ద సమస్య వచ్చింది. అమెరికాతో వ్యాపార ఒడంబడిక. హవాయి పంచదార అమెరికా రేవులో దిగినప్పుడు దిగుమతి సుంకం ఉండదు, అక్కడి సరుకులకు ఇక్కడ ఉండదు. వినటానికి ఎంతో లాభంగా ఉంది కదా. దేశానికి డబ్బు వస్తుందని చాలామంది సంతోషించారు. నావహీ వ్యతిరేకంగా నిలబడ్డాడు. ఇది సరుకుల ఒడంబడిక కాదనీ, రాజ్యాన్ని లాగుకునే ఒడంబడిక అనీ హెచ్చరించాడు.

ఆయన లెక్క ఎక్కడా తప్పలేదు. పదిహేనేళ్లలో పంచదార ఎగుమతి సుమారు పది రెట్లు పెరిగింది. తోటలలో పనికి చైనా, జపాను, పోర్చుగల్ దేశాల నుండి వేలాది కూలీలను ఓడలలో తెచ్చారు. పైనుండి వచ్చిన రోగాలతో అప్పటికే క్షీణించిన స్థానిక జనం, మిశ్రమ సంతతి వారితో కలిపి, 1890 జనాభా లెక్కలలో సుమారు 40 వేలు. తమ దేశంలో తామే సగం కంటే తక్కువయ్యారు. 1887లో ఒడంబడికను పొడిగించినప్పుడు పెర్ల్ హార్బర్ రేవును వాడుకునే హక్కు ఒక్క అమెరికాకే దఖలు పడింది. 1890లో అమెరికా తన సుంకాల చట్టం మార్చి, అన్ని దేశాల ముడి పంచదారపై సుంకం ఎత్తివేసి, తమ దేశపు రైతులకు మాత్రం బహుమానపు సొమ్ము ప్రకటించింది. హవాయి తోటల యజమానులకు ఉన్న లాభం పోయింది. ఇక అమెరికాలో కలిసిపోతే ఆ సొమ్ము మనకూ వస్తుంది కదా అన్న ఆలోచన వారిలో బలపడింది. ఒకే పంటను, ఒకే కొనుగోలుదారుని నమ్ముకున్న ఊరి పరిస్థితి ఎలా ఉంటుందో పొగాకు, ప్రత్తి వేసే మన రైతు సోదరులకు నేను చెప్పాలా?

నావహీ రాజుగారి భజనపరుడు కూడా కాడు. కలాకౌవా రాజు దుబారాను, ఆయన మంత్రి వాల్టర్ గిబ్సన్ పోకడలను సభలో ఎదిరించిన స్థానిక సభ్యులలో ఆయన ఒకడు. రాజు తప్పుచేస్తే రాజునే అడిగాడు. అందుకే తరువాతి రోజులలో ఆయన రాజ్యం పక్షాన నిలబడినప్పుడు ఆ మాటకు విలువ వచ్చిందని నేననుకుంటాను.

1887లో ఆయుధాలు పట్టిన తెల్లవారి దళం అండతో కొత్త రాజ్యాంగం కాగితం కలాకౌవా ముందు పెట్టి సంతకం చేయించారు. బాయినెట్టు చూపి చేయించినది గనుక దానికి బాయినెట్ రాజ్యాంగమని పేరు వచ్చింది. పై సభకు ఓటు వేయాలంటే 3,000 డాలర్ల ఆస్తి గాని, ఏటా 600 డాలర్ల ఆదాయం గాని ఉండాలన్నారు. స్థానికులలో చాలామంది ఓటు అలా ఎగిరిపోయింది. చైనా, జపాను వారికి ఓటే లేదు. దేశ పౌరసత్వం తీసుకోని తెల్లవారికి మాత్రం ఉంది.

ఇక్కడ మన మనస్సును నొప్పించే సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. ఆ రాజ్యాంగం వ్రాయటంలో ముఖ్యుడైన లారిన్ థర్‌స్టన్, 1820లో మొదటి ఓడలో వచ్చిన మిషనరీ ఆసా థర్‌స్టన్ మనుమడు. తరువాత రాజ్యాన్ని కూలదోసి ఏర్పడిన ప్రభుత్వానికి అధ్యక్షుడైన శాన్‌ఫర్డ్ డోల్ కూడా మిషనరీ కుమారుడే. వారిద్దరూ వకీళ్లే. తాతలు ఆ ప్రజలకు అక్షరాలు నేర్పారు, రోగులను చూశారు, తమ బిడ్డలను ఆ మట్టిలోనే సమాధి చేశారు. దానిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అమెరికా మిషను బోర్డు 1863లోనే అక్కడి సంఘాలను వాటి కాళ్ల మీద నిలబెట్టి తప్పుకుంది. మిషనరీల పిల్లలు కొందరు మాత్రం వకీళ్లుగా, వ్యాపారులుగా, తోటల యజమానులుగా స్థిరపడి ఆ దేశాన్ని ఏలదలచారు. అటు ఉన్నవారూ ఆదివారం ఆరాధనకు వెళ్లేవారే, ఇటు నావహీ కూడా మిషను బడి పెంచిన విశ్వాసే. ఒకే కీర్తనల పుస్తకం ఇరువైపులా ఉంది.

1891లో కలాకౌవా మరణించగా ఆయన చెల్లెలు లిలియోకలాని రాణి అయింది. ఆమె చాలాకాలం హోనలూలూలోని కవాయహావో సంఘంలో గాయక బృందాన్ని నడిపిన స్త్రీ. 1892 సభలో మంత్రివర్గాలు ఒకదాని వెనుక ఒకటి కూలిపోయాయి. ఆ నవంబరులో నావహీ విదేశాంగ మంత్రి అయ్యాడు గాని, వెంటనే అవిశ్వాస తీర్మానంతో ఆ మంత్రివర్గమూ పడిపోయింది. ప్రజల ఓటు తిరిగి ప్రజలకు ఇవ్వాలని రాణి కొత్త రాజ్యాంగం తేదలచింది. దాని ముసాయిదా తయారు చేయటంలో నావహీ చేయి ఉంది. 1893 జనవరి 14న ఆమె దానిని ప్రకటించబోతే మంత్రులు వెనుకాడారు. అదే సాకు అయింది. 16వ తేదీన అమెరికా యుద్ధనౌక బోస్టన్ నుండి 160 మందికి పైగా సైనికులు హోనలూలూలో దిగారు. 17న రాజ్యం పడిపోయింది. రక్తపాతం జరగకూడదని రాణి అభ్యంతరం తెలుపుతూ తప్పుకుంది. డోల్ గుంపుకు లొంగుతున్నానని ఆమె వ్రాయలేదు. అమెరికా ప్రభుత్వం నిజం తెలుసుకుని తనను తిరిగి నిలబెట్టేవరకు ఆ బలానికి లొంగుతున్నానని వ్రాసింది.

ఇప్పుడు నావహీ వయస్సు 51. తుపాకీ పట్టుకుందామనేవారు ఉన్నారు. ఆయన తనకు తెలిసిన పనే చేశాడు. 1893 మార్చిలో ‘హుయి అలోహా ఆయినా’ అనే సంఘం పెట్టారు. ఆయన దానికి అధ్యక్షుడు. స్త్రీలకు వేరే శాఖ ఏర్పడింది. ఆ పేరుకు దేశభక్తుల సంఘమని అర్థం చెప్పవచ్చు గాని, ‘ఆయినా’ అంటే భూమి, ఆ మాట ‘తినటం’ అనే మాట నుండి వచ్చింది. అన్నం పెట్టేది అని అర్థం. అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ విచారణకు జేమ్స్ బ్లౌంట్ అనే ప్రతినిధిని పంపితే, ఈ సంఘం తన ప్రజల మాట ఆయన ముందు పెట్టింది. జరిగినది అన్యాయమని బ్లౌంట్ వ్రాశాడు, క్లీవ్‌లాండ్ కూడా ఆ డిసెంబరులో తన పార్లమెంటుకు అదే తెలియజేశాడు. రాణిని తిరిగి నిలబెట్టమని అడిగితే డోల్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1894 జూలై 4న రిపబ్లిక్‌గా ప్రకటించుకుంది.

ఆ డిసెంబరులో హోనలూలూలోని నావహీ ఇంటికి సోదా వారెంటు వచ్చింది. ఆయుధాలు దాచారని ఆరోపణ. ఇల్లంతా వెదికినా ఒక్కటీ దొరకలేదు. అయినా రాజద్రోహ నేరం మోపి పట్టుకుపోయారు. దాదాపు మూడు నెలలు జైలులో ఉంచారు. 1895 జనవరిలో కొందరు తిరుగుబాటు చేసినప్పుడు ఆయన గోడల లోపలే ఉన్నాడు. తరువాత విచారణలో నిర్దోషిగా విడుదలయ్యాడు. కాని జైలు చెమ్మలో క్షయ అంటుకుంది.

దగ్గుతూ ఇంటికి వచ్చిన మనిషి ఏం చేశాడు? 1895 మే నెలలో భార్యతో కలిసి ‘కె అలోహా ఆయినా’ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. అందులో, సూదంటురాయి ఇనుమును లాగినట్టు పుట్టిన నేల మనిషి హృదయాన్ని లాగుతుందని వివరించాడు. ఆమె పేరు ఎమ్మా. హవాయి తల్లికీ, చైనా నుండి వచ్చిన తండ్రికీ 1854లో హీలోలో పుట్టింది. 1881లో వీరి వివాహం జరిగింది. ఆమె గురించి వేరే వ్యాసమే వ్రాయాలి. రాణికి సన్నిహితురాలు, భర్తకు చేతికర్ర.

జబ్బు ముదిరి, గాలి మార్పు కోసం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లారు. 1896 సెప్టెంబరు 14న నావహీ అక్కడే కన్నుమూశాడు. వయస్సు 54. దేహాన్ని ఓడలో తెచ్చారు. హోనలూలూలో వేలమంది వెంట నడిచారు. అక్కడి నుండి హీలోకు తీసుకువెళ్లి సమాధి చేశారు. అదే 1896లో బడులలో బోధన ఇంగ్లీషులోనే జరగాలని కొత్త ప్రభుత్వం చట్టం చేసింది. ఏ భాషలో చదివి ఆయన వకీలయ్యాడో ఆ భాష బడి గడప దాటి బయటికి వచ్చేసింది.

1897లో అమెరికాలో హవాయిని కలుపుకునే ఒడంబడిక తయారయింది. ఇక ఎమ్మా ఇల్లు కదిలింది. మహజరు మీద సంతకాలు చేయించటానికి దీవి నుండి దీవికి స్త్రీ పురుషులు తిరిగారు. హీలోలో సాల్వేషన్ ఆర్మీ వారి హాలులో స్త్రీల కూటం పెట్టి ఎమ్మా మాట్లాడింది. సంతకాలు 21 వేలు దాటాయి. మొత్తం స్థానిక జనమే సుమారు 40 వేలని పైన చెప్పాను. చంటిబిడ్డలను తీసివేస్తే ఎవరు మిగులుతారో మీరే లెక్క చూసుకోండి. నలుగురు ప్రతినిధులు ఆ కాగితాలను వాషింగ్టన్ తీసుకుపోయారు. సెనేటులో ఆ ఒడంబడికకు కావలసిన మూడింట రెండువంతుల ఓట్లు దొరకలేదు.

1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. పసిఫిక్‌లో రేవు అవసరమైంది. ఒడంబడిక అయితే నెగ్గదు గనుక, సగానికి మించిన ఓట్లు చాలునన్న మామూలు ఉమ్మడి తీర్మానం పెట్టి ఆ జూలైలో హవాయిని కలిపేసుకున్నారు. తాకీదు, ముద్ర, పెద్దల సభ! ఆ సంవత్సరమే లిలియోకలాని రాణి తన గ్రంథం ప్రచురించింది. అందులో ఆమె అమెరికా క్రైస్తవులను బ్రతిమాలుతూ ఎత్తిన పేరు నాబోతుదే.

ఎమ్మా 1935 వరకు బ్రతికింది. స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేసింది. భర్తతో కలిసి మొదలుపెట్టిన పత్రిక 1920 వరకు వెలువడింది.

1993 జనవరిలో, రాజ్యం కూలి నూరేళ్లయిన సందర్భంగా, ఆనాటి మిషను బోర్డుకు వారసులైన యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వారు హవాయి ప్రజల యెదుట తమవారి పాత్రకు క్షమాపణ కోరారు. ఆ నవంబరు 23న అమెరికా పార్లమెంటు చేసిన క్షమాపణ తీర్మానంపై అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశాడు. దానితో భూమి తిరిగి రాలేదు. 1994లో పునా ప్రాంతంలోని కేఆవు ఊరిలో పాఠాలన్నీ హవాయి భాషలోనే చెప్పే బడి తెరిచారు. దానికి నావహీ పేరే పెట్టారు.

ఇక ఆ మహజరు కాగితాలు. వాషింగ్టన్‌లోని జాతీయ దస్తావేజుల భవనంలో 556 పుటలు నూరేళ్లు అలాగే పడి ఉన్నాయి. హవాయిలో ఆ సంగతి దాదాపుగా మరచిపోయారు. 1996లో నోయెనోయె సిల్వా అనే పరిశోధకురాలు వాటిని కనుగొన్నది. నకళ్లు తీసి దీవులకు తెచ్చి ప్రదర్శించారు. పిల్లలు, ముసలివారు బల్లల దగ్గర వంగి, ఊరి పేరు, ఇంటి పేరు చూసుకుంటూ, పుట తరువాత పుట తిప్పి తమ తాతమ్మల సంతకాలు వెదుక్కున్నారు.